గొట్టానికి రెండు కొసలు

ఈ గల్లీకి ఎడమ దిక్కు షార్జా,
కుడి దిక్కు అజ్మాన్.
నడుమ తారు రోడ్డు,
నా అంగలతోని కొలిస్తే ఇరవై రెండు.
చెత్తడబ్బాల రంగులు వేరు, కరెంటు బిల్లు మీద ముద్ర వేరు.
గీత యాడున్నదో పిల్లికి తెల్వదు.
ఆ రాత్రిదాంక
నాకు గూడ సరిగ్గ తెల్వదు.

అజ్మాన్ బల్దియా కాంట్రాక్టుల
మురికినీళ్ల ట్యాంకర్ మీద పని నాది.
బల్దియా అన్న మాటొక్కటే
ఈడికొచ్చి కొత్తగ నేర్చుకోలె.
నిజామాబాద్‌ల గూడ మోరీ నిండితే
బల్దియానే తిట్టేటోళ్లం.

ఏడాది వాన ఒక్క పూటల పడ్డది.
కుంజుమోన్ దుకాణంల ఫ్రిజ్జులు
బర్రెలోలె నీళ్లల్ల పండుకున్నయి.
రొట్టెల పఠాన్ భట్టీ
ఆరంగ చేసిన చప్పుడు
నాలుగు ఇండ్ల అవుతలికి ఇనొచ్చిందట.
నీళ్లు మోకాలు దాటినయి, మొల అందుకున్నయి,
రెండు దిక్కుల ఒక్క తీరుగ.

మాకు పంపున్నది, వొంపుదామంటే జాగ లేదు.
వాళ్లకు సముద్రందాంక పెద్ద నాలా ఉన్నది,
పంపులేమో పెద్ద రోడ్డు మీద ఇరుక్కున్నయి.
గొట్టం ఇరవై రెండు అంగలు దాటితే అయిపాయె.
దాటాల్నంటే కాయిదం గావాలె.

నాకు బర్రె యాదికొచ్చింది.
మా ఊరి పొలిమేర మీద సచ్చిన బర్రె,
తల మా పంచాయతిల, తోక పక్క పంచాయతిల.
సర్పంచులిద్దరు ముక్కులకు దస్తీలు గట్టుకొని
టేపు పట్టి కొలిచిన్రు.
పొట్ట యాడిదాంక మీది, యాడికెల్లి మాది అని
మూడొద్దులు లొల్లి.
నాలుగో నాడు కుక్కలు తేల్చినయి.
కుక్కలకు వార్డులు లెవ్వు.

నడిరాత్రి ఒంటిగంటకు
అటుకెల్లి ఒక ఇంజినీరమ్మ, మౌజా అంట,
అబాయా అంచు ముడేసుకొని నీళ్లల్ల దిగింది.
ఇటుకెల్లి మా హుమైద్ సాబు,
చెప్పులు చేతుల వట్టుకొని.
ఇద్దరు ఎవలకో ఫోన్లు చేసిన్రు.
ఎత్తినోళ్లు ఎత్తిన్రు, ఎత్తనోళ్లు ఎత్తలె.
ఆమె ఏదో అన్నది.
నాకు రెండు మాటలే తెల్సినయి:
మోయ్, నీళ్లు.
బుక్రా, రేపు.

పంతొమ్మిదేండ్ల సంది
ఈ బుక్రా నా నెత్తి మీదనే పడుతున్నది.
జీతం బుక్రా. ఛుట్టీ బుక్రా.
పాస్‌పోర్టు బుక్రా.
ఆ రాత్రి మొదటిసారి
కాయిదాన్ని బుక్రాకు తోలిన్రు,
మమ్ముల గాదు.

గొట్టం దాటింది. కని కలవలె.
మా మూతికి మరలు లోపల, వాళ్ల మూతికి గూడ లోపలనే.
రెండు ఆడపిల్లల పెండ్లి అని గుల్‌జరీన్ నవ్విండు.
సైకిల్ ట్యూబు కోసి చుట్టిండు,
నేను బైండింగ్ తీగతోని గట్టిగ బిగిచ్చిన,
ఏలు తెగింది, సూస్కోలె.
పంపు దగ్గింది, ఊగింది,
ఇంక గొట్టం
పాము మింగినట్టు లావయింది.

నాలుగొద్దులు గుంజినం.
నీళ్లు పోయినంక ఎడమ గోడ మీద, కుడి గోడ మీద
బురద చార ఒక్క ఎత్తుల్నే ఉన్నది.
ఏ సర్వేయరు గీయని గీత అది.

ఎన్కసీరి ఏదో మీటింగు అయిందట.
పంపులు ఇచ్చిపుచ్చుకునుడు, చెత్త లారీలకు ఒక్కటే తొవ్వ,
వానొస్తే ఎవల్ని లేపాల్నో నెంబర్ల చిట్టి.
ఫోటోల మేం లెవ్వు, ఉండం.
కని మొన్న కొత్త గొట్టాలొచ్చినయి.
మూతి తిప్పి సూసిన:
ఒకదానికి మరలు లోపల,
ఒకదానికి బయట.
ఎవలో అడిగినట్టున్నరు. ఎవలో ఇన్నట్టున్నరు.

ఇంటికి ఫోన్ జేసి చెప్తుంటే
మా తమ్ముడు అడిగిండు,
"గంత జేసినవ్, ఏమన్న పెంచిన్రా?"

బుక్రా, అన్న.