మూడోసారి

మా లంగరుపాళెంలో కోట లేదు.
పుస్తకం రాయడానికి వొచ్చినాయన
ఇసకంతా తిరిగి, బూట్లు దులుపుకుని
"ఇక్కడ బుడతకీచుల ఆనవాళ్లేమన్నా..." అని అడిగితే
పామంజి చెంగయ్య మామ
చెవి దగ్గర చెయ్యి పెట్టి
"ఏం కీచులూ?" అన్నాడు.

చిన్నప్పుడు నేనూ అంతే.
బుడతకీచులంటే
కీచుమని అరిచే బుడతలనుకునేదాన్ని,
ఎండ్రకాయల్లా ఒడ్డెక్కి
అడుగుల చప్పుడుకి మళ్లీ బొక్కల్లోకి దూరిపోయుంటారని.

అవ్వ చెప్పేది వేరు.
తెరచాప మీద శిలువ గీసుకుని ఓడ వొచ్చిందంట.
మూడు దినాలు లోతులో నిలబడిందంట.
బియ్యం కొన్నారంట, నీలిబట్ట కొన్నారంట,
ఒడ్డు నించి ఓడకి మోసిన మనోళ్లకి కూలి మాత్రం
ఎల్లుండి, అన్నారంట.
ఆ ఎల్లుండి కోసం మా తాతల తాత
ఇసకలోనే కూచున్నాడంట.
అక్కడ ఆగి అవ్వ ఆకొక్క నమిలేది.
ఎన్నిసార్లు అడిగినా
కథకి ఆ తర్వాత లేదు.

వాళ్లలో ఒకడు జొరమొచ్చి పోయాడని
ఉత్తరాన దొరదిబ్బ.
శిలువ లేదు, రాయి లేదు.
మూడు జీడిమామిడి చెట్లు
నేలమీద మోచేతులు ఆనించి.
సముద్రంలోంచి ఆ దిబ్బనీ, వెనక పోతుతాడినీ
ఒక గీతలో పెట్టి చూసుకుంటే
తిప్ప తగలకుండా ఒడ్డు చేరొచ్చు.
పేరు తెలియని దొర
చచ్చి మావాళ్లకి దోవ చూపించాడు.
అప్పు కొంత తీరింది, అంటాడు చెంగయ్య మామ.

నేను లెక్క రాస్తా.
తెల్లారి నాలుగున్నరకి
లాంతరు పోయి సెల్‌ఫోన్ లైటొచ్చినా
తడి వేళ్లకి అదే పొడుగు పుస్తకం.
వంజరం రెండు. చందువ ఒక గంప.
నెత్తళ్లు రాయను, అవి ఇంటికి.
వేలం మామ పాడతాడు.
వేలమన్న మాటే ఆ ఓడలో దిగిందంటారు,
సబ్బు, బొత్తాము, పీపా, తువ్వాలు
అని పుస్తకమాయన వేళ్లు మడుస్తుంటే
మామ భుజమ్మీది తువ్వాలు తీసి
అటూ ఇటూ తిప్పి చూశాడు,
దొంగసొత్తేమోనన్నట్టు.
"కూలికి బదులు మాటలిచ్చి పోయినారన్నమాట."
మొహం తుడుచుకుని
మళ్లీ భుజానే వేసుకున్నాడు.

మామ పాట మీరు వినాలి.
ఒకటోసారి, వల విసిరినట్టు.
రెండోసారి, వల మునిగినట్టు.
ఆ తర్వాత ఒక సందు.
కావలి నించి ఐసుపెట్టెలతో వొచ్చినోళ్లు
ఆ సందులో చెమటలు కక్కుతారు.
ఆ సందులో అల వినబడుద్ది.
గంపలో ఇంకా చావని చేప
తోకతో ఒక్కటి కొడుద్ది.
నాయిన పోయిన ఏడు
మా అమ్మ తెచ్చిన ఒకే ఒక్క సొరకి
మామ ఆ సందుని ఎంత సాగదీశాడంటే
నా ఫీజు కట్టగా
బియ్యం మిగిలినాయి.

పోయిన ఆషాఢంలో జీపులొచ్చినాయి.
దిబ్బ మీద ఎర్రగుడ్డ కర్ర పాతారు.
రేవొస్తదంట, పెద్దది.
మూడు జీడిచెట్లూ
ఒక కాగితమ్మీద, మూడు అంకెలుగా పడుకున్నాయి.
పోతుతాడి ఉండాది.
దాన్ని దేంతో కలిపి చూడాలో
పడవలోళ్లకి ఇంకా కుదర్లేదు.
క్రేను కొసన దీపం బాగానే వెలుగుద్ది గానీ
అది రోజుకో చోట ఉంటది.

నిన్న షామియానా కింద
ఇంటికింతని చదివారు.
"డబ్బెప్పుడు సారూ?" అంది వెనక నించి వాయల మంగమ్మ.
"ఎల్లుండికల్లా" అన్నాడు ఆఫీసరు.
చిన్నపిల్లోడు, మంచోడే,
ఊరు ఊరంతా ఎందుకు నవ్విందో
పాపం, చుట్టూ చూశాడు.

అప్పుడు మామ లేచాడు.
అలవాటుగా చెయ్యి పైకెత్తాడు.
ఒకటోసారి, అన్నాడు.
రెండోసారి, అన్నాడు.

షామియానా తాడు గాలికి కొట్టుకుంటా ఉంది.
నా పెన్సిలు
కాగితమ్మీద ఆనే ఉంది.