నిమ్మలం

కొత్తవాడలో రాత్రి ఒంటిగంట.
మగ్గాలు పడుకున్నయి. నా బల్ల మీద
ఆసిల్లోస్కోపు పచ్చ గీత ఒక్కటే
మేలుకొని ఉన్నది.

ఇరవై నాలుగు వోల్టులు తీసుకొని
నలభై ఎనిమిది చెయ్యాలె ఈ పెట్టె.
రాజమణక్క అడిగింది అంతే:
"కరెంటు పోయినా నా కండెల మోటరు ఆగొద్దు బిడ్డా.
దారం తెగితే జంపఖానాల అతుకు కనబడ్తది."

కాగితం మీద అన్నీ కుదిరినయి.
మూడు పేజీల లెక్క, యాభై డిగ్రీల ఫేజ్ మార్జిన్.
కాగితానికేం, దానికి చెమట పట్టదు.

మోటరు వేసిన.
నలభై ఎనిమిది కాస్తా నలభై ఒకటికి జారింది.
ఇంకా ఇవ్వు, అన్నది నా లూపు.
ఇంకా పడింది.
ఇంకా, ఇంకా అంటుంటే
ముప్ఫై, ఇరవై ఆరు,
టప్.
పొయ్యిల ఎండుమిర్చి పడ్డట్టు ఘాటు.
ఈ వారంల ఇది నాలుగో మాస్‌ఫెట్. ఒక్కోటి నూట ఎనభై.

పోశాలు తాత బీడీ ఆర్పి లోపలికి వచ్చిండు.
కాయిల్ ఆయన చుట్టిందే,
నలభై రెండు చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా,
ముప్ఫై ఏండ్లు కండెలు చుట్టిన వేళ్లతోని.
లెక్క చూడలేదు. కాయిల్ మీద చెయ్యి పెట్టిండు.
"కాలుతున్నది.
నువ్వు అడిగినప్పుడల్లా ముందు ఇది కడుపు నింపుకోవాలె గదా.
నింపుకునేటప్పుడు అవతలికి ఏం పెడతది?
జర ఆగరాదు."

ఇది నాకు తెలుసు.
తెలుసంటే, పరీక్షల రాసిన తెలుసు:
కుడి సగంల కూర్చున్న ఒక సున్న,
పైకి పొమ్మంటే మొదట కిందికి నడిచే సున్న.
పది మార్కులకు ఎనిమిది వచ్చినయి.
తక్కువైన రెండూ ఇప్పుడు
బల్ల మీద నల్లగా మాడి ఉన్నయి.

గేటు తెరిచినంతసేపు కాయిల్ పోగేసుకుంటది.
అప్పటిదాకా కెపాసిటర్ ఒక్కటే మోటరును సాకుతది,
ఉన్నదాంట్లకెల్లి తీసి పెట్టుకుంట.
ఆ లోటును చూసి మోసమనుకున్న. గదమాయించిన.
గదమాయించిన కొద్దీ అది పోగేసుకునుడే,
పెట్టే తీరిక లేదు.

పాత రెసిస్టర్ ఊడపీకి కొత్తది టంకం వేసిన.
లూపు వేగం పదో వంతుకు దించిన.
ఇప్పుడది తప్పును చూస్తది గని వెంటనే అరవదు,
ఖాతాల రాసుకుంటది.

మళ్ల మోటరు. తెర మీద గీతను ఆపి పట్టిన.
మొత్తం ఇరవై మిల్లీసెకండ్లు. తాత మాత్రం
కాయకట్టిన వేలుతోని దాని మీద మెల్లగ నడిచిండు:
ఇక్కడ దిగింది, నలభై నాలుగు.
ఇక్కడ ఊకున్నది.
కాజీపేట దిక్కు గూడ్సు బండి ఒకటి
ఎంతకూ తెగకుండా పోతనే ఉన్నది.
ఇక్కడ లేచింది. నలభై ఏడు.
ఇక్కడ కొంచెం దాటి, సిగ్గుపడి వెనక్కి వచ్చి,
ఇగో, ఇక్కడ కూర్చున్నది.

"నిమ్మలమైంది" అన్నడు.

తెల్లారి కరెంటు పోయినప్పుడు
రాజమణక్క తల ఎత్తలేదు.
ఎర్ర దారం కండె మీదికి ఎక్కుతనే ఉన్నది.
చాలాసేపటికి
చెమట కళ్లలోకి దిగితే
పంకా వైపు చూసింది.