ఇవాళేం అమ్ముతున్నావు

మా లెసోతో కొండల్లో బోర్డులుండవు.
కర్రకు కట్టిన గుడ్డ చూస్తే చాలు.
తెల్లగుడ్డ ఎగిరితే జొన్న బీరు,
పసుపైతే మొక్కజొన్నది,
ఆకుపచ్చ అయితే కూరాకు,
ఎరుపు ఎగిరిందా, ఎవరి దొడ్లోనో ఏదో తెగిందని.

మాది తెల్లగుడ్డ.
నాన్న చొక్కా అది.
వెల్కోమ్ బంగారు గనిలోకి దిగినవాడు
మొదటి ఏడు డబ్బు పంపాడు,
రెండో ఏడు కబురు పంపాడు.
చచ్చిపోయాడంటే ఏడ్చి ఊరుకునేది.
బతికే ఉన్నాడన్నారు,
ఇంకో ఊళ్ళో, ఇంకో పొయ్యి దగ్గర.
ఆ రాత్రి అమ్మ పెట్టెలోంచి చొక్కా తీసి
చేతులు రెండూ కోసేసి
కర్రకు కట్టింది.

అమ్మ పేరు మఖోట్సో.
అంటే ఖోట్సో తల్లి. ఖోట్సో నేను.
కోడలైన రోజే పుట్టింటి పేరు విప్పేసి
ఇంకా పుట్టని బిడ్డ పేరు తొడుక్కోవాలి మా ఆడవాళ్ళు.
ఖోట్సో అంటే శాంతి.
శాంతి తల్లికి నిద్రలేదు.
జొన్నలు నానేసి, మొలకలు ఎండేసి, రాతి మీద నూరి,
తాగినవాళ్ళ పాటలు వాగు దాటేదాకా
మమ్మల్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టి
గుమ్మంలో అడ్డంగా కూర్చునేది,
సంకటి తెడ్డు ఒళ్ళో పెట్టుకుని.

"మగదిక్కులేని కొంపకి పొలమెందుకు?"
అన్నాడు ఊరిపెద్ద.
పొలం బాబాయిది అయింది.

మా దగ్గర మగపిల్లాడికి పలక కంటే ముందు కర్ర వస్తుంది.
ఏడేళ్ళకే గొర్రెల వెంట పోయాను.
ఏడాది కాస్తే ఒక గొర్రె జీతం.
ఆ గొర్రె నా కళ్ళముందే చెల్లి ఫీజయ్యేది,
మరుసటేడు బూట్లయ్యేది.
న్తాబెలెంగ్ పైకి చదువుతుంటే
పొయ్యి అవతల కూర్చుని
నేను వినీ విననట్టు వినేవాణ్ణి.
కుళ్ళుకున్నానా? కుళ్ళుకున్నాను.
అమ్మకు తెలుసు.
ఒకసారి, పేడ పిడకలు పేరుస్తూ,
"నీకు బాకీ ఉన్నానురా" అంది.
మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

బీరు చాలక మపుట్సో ఫ్యాక్టరీకి దిగింది.
రోజంతా జీన్సు జేబులు.
"ఇవాళ ఎనిమిది వందల జేబులు కుట్టా,
ఒక్కదాంట్లోనూ చిల్లర లేదు" అని నవ్వేది
నెలకోసారి ఇంటికొచ్చి,
నీలం ఎక్కిన వేళ్ళు సంకటిలో పెట్టి.
ఎంత రుద్దినా పోలేదు ఆ నీలం.
జూన్ మంచుకి కనుమ మూసుకుపోయిన ఏడు
బస్సు దిగి రెండు రోజులు నడిచొచ్చింది,
కంబళి కింద చెల్లి పరీక్ష డబ్బు
తడవకుండా.

కాలేజీ కాగితంలో తల్లి పేరు రాయాలన్నారు.
మఖోట్సో అని రాయబోతుంటే
అమ్మ చెల్లి చెయ్యి పట్టుకుంది.
"పుసెలెట్సో అని రాయి."
ఎవరామె అని అడిగాను నేను.

చెల్లి గొర్రెల డాక్టరై కొండెక్కింది.
మొదటి సూది నా పొట్టేలుకే.
ఊరిపెద్ద కూడా వరసలో నిలబడ్డాడు,
తన పొట్టేలు కొమ్ములు పట్టుకుని, నేలచూపులు చూస్తూ.
చెల్లి అమ్మవైపు చూసింది.
"వెయ్యవే. పొట్టేలేం పాపం చేసింది."

ఆ సాయంత్రం కర్ర దించి, చొక్కా విప్పి,
ఫ్యాక్టరీ జీన్సు ముక్కొకటి కట్టింది.
బరువు గుడ్డ. గాలికి సరిగ్గా ఎగరను కూడా ఎగరలేదు.
మా కొండల్లో నీలానికి అర్థం లేదు.
ముసలి లెబాజోవా గుర్రం ఆపాడు.
"మఖోట్సో, ఇవాళేం అమ్ముతున్నావు?"
"ఏమీ అమ్మట్లేదు."
"మరి జెండా?"
అమ్మ కాసేపు ఆలోచించింది.
"ఊరికే. కనబడాలని."
ఆయన జెండాని చూశాడు, అమ్మని చూశాడు,
మెల్లగా గుర్రం దిగాడు.
"సరే గానీ, నిన్నటి బీరేమైనా మిగిలిందా?"