రెండో సెక్షన్, మూడో పంక్తి

హనుమకొండ కలెక్టరేట్ల, పై అంతస్తుల
ఫ్యాను కింద చిత్తుప్రతి రెపరెపలాడుతున్నది.
నేను టైపిస్టును. పదకొండోసారి కొడుతున్న:
"సమీకృత వైద్యమనగా..."
అక్కడికొచ్చి ఆగుతున్నరు అందరు.

పెద్ద దవాఖాన శ్రీలేఖ డాక్టరమ్మ
"రుజువైన" అన్న మాట పెట్టాలంటది.
మండిబజార్ హకీం నసీరుద్దీన్ సాబ్
కళ్లద్దాలు తుడుచుకుంట
"మా తాత నాడి పట్టి లేపినోళ్లు వెయ్యిమంది బేటా,
వాళ్లను ఏ కాయితం మీద రాస్తరు?" అంటడు.
ములుగు ఆరెంపీ పోరిక భిక్షు
సంచిల స్టెతస్కోపు కానరాకుంట తువ్వాల కప్పి
ఆఖరు కుర్చీల కూసున్నడు.
తాడ్వాయి నుంచి వచ్చిన పూనెం ముత్తక్కను
ఎవ్వరూ ఏమీ అడగలే,
చాయ్ వచ్చినప్పుడు, చక్కెర ఎంతని తప్ప.

"మరియు" అని కొట్టిన.
కాదు, "లేదా" అన్నరు.
చెరిపిన.
"మరియు" ఉంటే ఇద్దరి మీద బాధ్యత,
"లేదా" ఉంటే ఒకరి మీదికొకరు తోసుకోవచ్చునని
లా చదివిన సారు నవ్వుకుంట చెప్పిండు.
నాకు నవ్వు రాలే.

మా అక్క కొంరమ్మ
మోకాళ్ల నొప్పులకు పరకాల సంతల
డబ్బా పొడి కొన్నది. ఆకుల వాసన, తేనెల రంగరించాలె.
నాలుగు దినాలకే లేచి
కొత్తవాడల షత్రంజీ మగ్గం ముందు మళ్ల కూసున్నది.
దేవుని మందు అన్నది. నేను గూడ అన్న.
ఆ పొడిల తెల్లగోలీలు నూరి కలిపిన సంగతి
ఆకులకు తెలువదు, అక్కకు తెలువదు.
షుగరుకు దవాఖానోళ్లిచ్చిన గోలీలు వేరే,
వాటి సంగతి పొడి అమ్మెటోనికి తెలువదు.
రెండేండ్లకు ముఖం ఉబ్బి మంచాన పడితే
మొట్టమొదటిసారి ఒక నర్సు పిల్ల అడిగింది:
"ఇంకేమన్న వాడుతున్నవా అమ్మా?"
అప్పటికే కిడ్నీలు...
ఇప్పుడు వారానికి మూడుసార్లు, పొద్దుగాల ఆరింటి బస్సు.

అందుకే నాది ఎవ్వరి పక్షం కాదు.
పసరు మీద కోపం లేదు, సూది మీద భక్తి లేదు.

పగటి బువ్వ తిన్నంక ముత్తక్క నోరు తెరిచింది.
"ఇరిగిన చెయ్యి నా కాడికి తెస్తరు.
వేళ్లు నల్లబడితే నేను కట్టు కట్టను.
ఏటూరునాగారం పొమ్మంట. ఆటో గూడ నేనే మాట్లాడుత.
నా మందు యాడ ఆగుతదో నాకెరుక.
మీ కాయితంల ఆ ముచ్చట ఉన్నదా?"

శ్రీలేఖ డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది,
మళ్ల తీసింది.
భిక్షు తువ్వాల సర్దుకున్నడు, ఎందుకో.

అందరు పోయినంక
రెండో సెక్షన్, మూడో పంక్తి కింద
నేనే ఒక వాక్యం కొట్టిన. ఎవ్వరూ చెప్పలే.
"ఏ వైద్యము చేయువారైనను, మందిచ్చుటకు ముందు
ఇంకేమి వాడుచున్నారని అడుగవలెను,
చెప్పినది ఓపికగా విని రాసుకొనవలెను,
తమ మందు ఎక్కడ ఆగునో చెప్పవలెను."

ఫైలు పైకి పోయింది. నిన్న తిరిగొచ్చింది.
నా వాక్యం పక్కన ఎర్రసిరాతోని ఒక ప్రశ్న గుర్తు.
కొట్టెయ్యలే. ఒప్పుకోలే.
"ఓపికగా" అన్న మాటకు
నిర్వచనం అడిగిన్రు.

పన్నెండోసారి కొడుతున్న.