తూకం

ఖాదర్‌బీ ఒక కాయ తీసి
చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది.
గలగలమంటే సరే.
మూగగా ఉంటే "ఇంకో రెండెండలు" అంటుంది.
కరేడు ఇసుకలో పీకిన శెనగచెట్లు
వేళ్ళు పైకి, ఆకులు కిందికి
తలకిందులుగా ఆరుతున్నాయి.
తేమ చూసే మిషనొకటి ఉందట కందుకూరు యార్డులో,
దానికి బ్యాటరీ లేదట.
ఈమెకు రెండు చెవులున్నాయి.
కమ్మలే లేవు, తాకట్టులో ఉన్నాయి.

నిన్న పొద్దుగూకేవేళ
మాలకొండయ్య గుమాస్తా వచ్చాడు,
ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో వేపమండ,
పేరంటానికొచ్చినట్టు.
"కాసిని చిలకరిస్తే తొక్క మెత్తబడుద్ది,
ఒలిచే ఆడోళ్ళ గోళ్ళు బతుకుతాయి.
బస్తాకి రెండు కేజీలు కలిసొస్తాది గదా."

నలభై బస్తాలు.
అప్పున్నవాడి బుర్రలో
గుణకారం దానంతటదే జరిగిపోతుంది.

ఖాదర్‌బీ తన గోళ్ళు చూసుకుంది.
కుడి బొటనవేలికి సగమే ఉంది.
ఏమీ అనకుండా లేచి
చూరు కింద ముడేసిన సంచి తెచ్చి విప్పింది.
పోయినేడు వాయుగుండం రోజుల్లో
నేను గోడకానించి మరిచిపోయింది అది.
పలుకుల మీద చిలకపచ్చ నూగు,
చూడ్డానికి ముచ్చటగానే ఉంది.
"గేదెకి పెడితే పాలల్లోకి దిగుద్ది.
గానుక్కేస్తే చెక్కలో దాక్కుంటది.
గుంట తీసి పూడుద్దామని ఉంచా.
నీకు చూపిచ్చాల్సొస్తదని తెలుసు."

సింగరాయకొండ ప్లాట్‌ఫారం మీద చిన్నప్పుడు
పొట్లంలో ఆఖరి పలుకు చేదొచ్చింది నాకు.
ఉమ్మినా పోలేదు, నీళ్ళు తాగినా పోలేదు,
ఒంగోలు దాకా నోట్లోనే కూర్చుంది.
ఆ పలుకు ఏ ఊరిదో
అప్పుడు అడగాలని తోచలేదు.

గుమాస్తా చెంబు అరుగు మీదే వదిలి వెళ్ళాడు.
రాత్రి బల్లచెక్కలు పరిచి
బస్తాలన్నీ వాటి మీదికెక్కించాను,
గోడకి జానెడు ఎడంగా.
విత్తనానికి మాత్రం ఒలవకుండా తొక్కతోనే.
సముద్రం వైపు నించి తడిగాలి.
చీకట్లో ఒక కాయ ఊపి విన్నాను.

ఎనభై కేజీల నీళ్ళు నేను అమ్మలేదు. బాగుంది.
పొడి కాయ ఒలిచి ఒలిచి
ఆమె రెండో గోరూ చిట్లింది ఇవాళ.
కూలి ఇరవై పెంచాను.
చాలదని నాకు తెలుసు.
ఆమె లెక్కపెట్టుకోకుండా
కొంగున ముడేసుకుంది.