మూడు వాటాలు

మెట్ల మలుపులో మేకుకి వేలాడుతుంది రూటరు.
నెలకి ఏడొందల ఎనిమిది,
తలా రెండొందల ముప్ఫై ఆరు.
కింద నూకాలమ్మ గారి డీటీపీ షాపు,
మధ్య వాటాలో నేను,
పైన కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీలు చేసే ఎస్తేరు సిస్టరు.
పాస్‌వర్డు ముగ్గురికీ ఒకటే,
నూకాలమ్మ గారి మనవడి పుట్టినరోజు.

వన్ టౌన్‌లో కోటవీధి వెనక సందు ఇది.
కిటికీలన్నీ బిగించి పడుకున్నా
తెల్లారేసరికి పోర్టు బొగ్గుపొడి
చాప మీద, గ్లాసు అంచున, తలగడ గలీబు మీద.
"మూసీసేవు సరే, ఇల్లు ఊపిరి పీల్చదేటి బాబూ?"
అంటుంది ఆవిడ, గుడ్డ పిండుతూ.

నా పని చెప్పాలి.
కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరుని కట్టి
దాని నోట్లో విషం వేసి
ఎలా కొట్టుకుంటుందో రాసుకుంటాను.
ముందు ఏ ఫైలు పోతుంది,
ఏ తలుపు వెతుకుతుంది,
చీకట్లో ఎవరికి కబురు పెడుతుంది.
చచ్చాక ఒక్క నొక్కు.
నిన్నటి రోజుకి లేచి కూర్చుంటుంది,
ఏమీ ఎరగనట్టు.

దాన్ని గెస్టు అంటారు, మోసేదాన్ని హోస్టు.
అతిథి గదికి గోడలు కాగితానివని
ఇద్దరు కుర్రాళ్లకి పాఠం కూడా చెప్పాను నేను.

ఆ గురువారం
ఏదో అప్‌డేటు కావాలని, ఒక్క గంట,
దానికి బ్రిడ్జి పెట్టాను.
బ్రిడ్జి అంటే పెద్ద సంగతేం కాదు.
లోపలున్నది బయటికొచ్చి
మెట్ల మలుపులో తన పేరు తను చెప్పుకుని
నాలుగో వాటాదారులా నిలబడుతుంది.
బిల్లు కట్టని వాటాదారు.
పనయ్యాక తీసేద్దాం అనుకున్నాను.
అనుకోవడం వరకే అయింది.

శుక్రవారం విషం వేసి
కురుపాం మార్కెట్ దాకా వెళ్లాను, చెప్పు కుట్టించుకోడానికి.

నా యంత్రం క్షేమం.
అది నా తలుపు కొట్టనైనా కొట్టలేదు.
మెట్లు దిగింది.
కింద పదకొండేళ్ల పాత పెట్టె,
ప్రింటరు కోసమని ఎప్పుడూ తెరిచే ఉంచిన ఫోల్డరు.

బోటు లైసెన్సుల ఫారాలు.
అచ్చుతప్పులు దిద్దని శుభలేఖలు.
పెద్దకర్మ కార్డుల కోసం వీధివీధంతా
తెచ్చిచ్చిన ఫొటోలు, పద్నాలుగేళ్లవి.
వల తీస్తూ పోయిన దానయ్యది ఆ ఒక్క ఫొటోయే,
వాళ్లావిడ ఏటా వచ్చి ఒక ప్రింటు తీయించుకుంటుంది,
పది రూపాయలిచ్చి.

"బాబూ, ఓపాలి రా. అందరికీ తోకలొచ్చీసేయి."
తెర మీద ప్రతి పేరు చివరా
ఏ భాషా కాని ఆరక్షరాలు.
నేను చూస్తున్నాను.
ఆ ఆరక్షరాలూ పొద్దున్న నా నోటుబుక్కులో రాసుకున్నవే.
"నెట్లోంచి ఏదో వచ్చినట్టుంది.
నీదీ ఓసారి చూసుకో నాయనా,
పైన ఆ పిల్లకీ చెప్పు, పాపం."

చెప్పాను పైన.
ఎస్తేరు నిద్రమొహంతో విని,
"మా వార్డులో గ్లవ్స్ వేసుకునేటప్పుడు కాదండీ,
విప్పేటప్పుడే అంటుకుంటుంది," అని తలుపు వేసుకుంది.

ఆ రాత్రి డాబా మీంచి చూస్తే
పిలుపు రాని ఓడలు దూరంగా,
రేవుకి అంత దూరంలో, దీపాలు పెట్టుకుని.
ఎంత ఓపికో వాటికి.

సోమవారం నాకు వేరే లైను వేయించుకున్నాను.
తీగ లాగే కుర్రాడు మెట్ల గోడకి డ్రిల్లు పెడుతుంటే
నూకాలమ్మ గుడ్డతో బయటికొచ్చింది.
కాసేపు తీగనీ నన్నూ చూసింది.

"మా పెట్టెకి జబ్బొచ్చిందనేనా బాబూ, వేరుపడిపోతన్నావు?"

చేతిలో గుడ్డ నల్లగా ఉంది.
"కాదమ్మా," అన్నాను,
"కూర్చోండి,
ఒక మాట చెప్పాలి."