నేను కొట్టిన సున్నం

తల్కావానో కొండవాలులో
సార్డీన్ చేపల ఫ్యాక్టరీ వెనక గోడ.
శనివారం పొద్దున్నే వీధి వీధంతా అక్కడుంది.
వంటింటి చెంచాలు, అరిగిన టూత్‌బ్రష్‌లు,
మంగలి ఒసియెల్ తెచ్చిన గడ్డం బ్రష్షు.

సున్నం గీకుతున్నారు.
పెళ్ల రాలినప్పుడల్లా పిల్లల కేకలు:
"ఇక్కడో చెయ్యి!"
"చేప తోక!"
"తోక కాదురా, కత్తి."

నాది కిందివీధిలో రంగుల కొట్టు.
డబ్బాలు ఊరికే ఇచ్చానని
నోల్ఫా నాకు చప్పట్లు కొట్టించింది.
నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను,
ఎవరి మొహమూ చూడకుండా.

గోడల వైద్యం చదివొచ్చిన పిల్ల రాయెన్
వేలి కొసతో ఒక నీలాన్ని తడిమి అంది:
"ఈ సున్నం కొట్టినవాడెవడో గానీ పుణ్యాత్ముడు.
ఇదే లేకపోతే యాభై ఏళ్ల ఉప్పుగాలికి
ఒక్క రంగూ మిగిలేది కాదు."
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను. నిచ్చెన కదిలింది.

అప్పుడు నాకు పదిహేడు.
బకెట్టూ కుంచే చేతిలో పెట్టి
తెల్లారేలోగా గోడ తెల్లబడాలన్నారు సిపాయిలు.
లేదంటే సున్నంలోకి ఎముక మిగలదన్నారు.
మిగలదనే అనుకున్నాను.

ముందు చేపల్ని కప్పాను. అది తేలికే.
తర్వాత ఇరవైరెండు చేతులు.
చేతులు ఊరికే పోవు,
మూడు పూతలేసినా వేళ్లు పైకి తేలేవి.
తర్వాత మొహాలు,
మా వీధి ఆడవాళ్ల మొహాలు,
నాకు బాకీకి రొట్టె ఇచ్చిన మొహాలు.

చివర, కుడివైపు అంచున
తలగుడ్డ జారిన ఒకామె
పని మధ్యలో ఎవరో పిలిస్తే తిరిగినట్టుంది.
నన్నే చూసింది.
సున్నం అయిపోయిందని చెప్పాను.
అబద్ధం. బకెట్లో బెత్తెడు లోతుంది.
సార్జెంటు కొండ దిగే తొందరలో పైకి చూడలేదు.

నా బతుకులో ధైర్యమంటూ ఉంటే అదొక్కటే.
పెళ్లాంతో కూడా అనలేదు.
మనసు బాగోనప్పుడల్లా
చాటుగా తీసి చూసుకునేవాణ్ని, తాతల నాటి నాణెంలా.

మధ్యాహ్నానికి అందరూ బయటికొచ్చారు,
ఇప్పుడే తలంటి పోసుకున్నంత తేటగా.
కుడి అంచున మాత్రం ఉత్త సిమెంటు.
ఎండ తిన్నది, వాన తిన్నది,
సముద్రం రోజుకింత నాకింది.
నేను పూడ్చినవాళ్లంతా ఉన్నారు.
వదిలిపెట్టిన ఆమే లేదు.

"అది మా మేనత్త" అంది నోల్ఫా.
"మనిషే కాదు, అక్కడ లాంతరుండేది" అన్నాడు బెలార్మినో.
"తెలియనిది గియ్యకూడదు, ఖాళీగా వదిలేద్దాం" అంది రాయెన్.

"ఎడమ కనుబొమ్మ మీద గాటు"
అని ఎవరో అన్నారు.
నా గొంతే.
"తలగుడ్డ ఆకుపచ్చ. పెదవులు కాస్త తెరుచుకుని,
'ఆఁ' అనబోతున్నట్టు."

చెంచాలు ఆగాయి.
"అంత దగ్గరగా నువ్వెప్పుడు చూశావు?" ఒసియెల్ అడిగాడు.

చెప్పాను.
ఇంతసేపు పట్టలేదు. నాలుగు ముక్కలు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.
రాయెన్ పుస్తకం తెరిచి "గాటు పొడవెంత?" అని మెల్లగా అడిగింది.
కుర్చీలో కూర్చున్న ఇస్మేనియా,
ఆ ఇరవైరెండు చేతుల్లో రెండు చేతుల మనిషి,
ఎనభైతొమ్మిదేళ్లది,
తన చెంచా నా చేతిలో పెట్టింది.
"కింద మూల ఇంకా మిగిలుంది. గీకు."

మోకాళ్ల మీద కూర్చుని గీకాను.
చాలాసేపటికి
ఒక పెళ్లలో చిక్కుకుని
నల్లటి పంది వెంట్రుక,
నా పాత కుంచెది.
పీకితే రాలేదు.